దించిన కళ్ళు

గంగాబాయి బ్యాగు సర్దుతోంది. గల్ఫ్‌లో, అల్ సద్‌లోని ఒక ఫ్లాటు వంటింటి వెనక ఆమెకిచ్చిన చిన్నగదిలో, మంచం మీద బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. అడుగున దుప్పటి పరిచింది. దాని మీద పాలపొడి డబ్బాలు, డబ్బాల సందుల్లో సబ్బులు, పిల్లకు ఎర్ర గౌను, గౌనులో చుట్టి బాదంపప్పు పొట్లం. అన్నిటికీ పైన మాలతి కోసం కొన్న నీలం చీర. ఆ చీర దగ్గరే పని ముందుకు సాగడం లేదు. పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం.

"ఏందక్కా, ఏం ఆలోచన జేస్తున్నవ్?" అన్నాడు గడపలో కూచున్న తమ్ముడు నర్సింగ్.

"చీర వెడ్తే నన్ను కొననీకి వచ్చిండనుకుంటదేమోరా మాలతి. నువ్వు తప్పు ఒప్పుకోనీకి పోతున్నవ్. చేతుల చీర పట్టుకపోతే అది బేరం లెక్కుంటది."

"మరి తియ్యి."

"తీస్తే ఉత్తచేతుల వచ్చిండంటది."

"బ్యాగు సదురుతున్నవా, పంచాయితి జేస్తున్నవా అక్కా?"

గంగాబాయి నవ్వలేదు. ఆమెకు బ్యాగు సర్దడమంటేనే భయం. మొగుడు బొంబాయికి బ్యాగు సర్దుకుని పోయిననాడు ఆమెకు ఇరవై ఏళ్ళు. తరవాత తిరిగొచ్చింది బ్యాగే, మనిషి కాదు. అప్పట్నుంచీ ఎవరు ఊరికి బయల్దేరినా గుండె గుప్పిట్లో పెట్టుకుని సర్దుతుంది. ఇది మాత్రం విడిపోయిన మనుషుల్ని కలిపే ప్రయాణం కదా, దీనికైనా సంతోషంగా సర్దాలనుకుంది. చేతులు మాట వినడం లేదు.

మాలతి నర్సింగ్ భార్య. కోరుట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో బీడీలు చేస్తుంది. నర్సింగ్ ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పరంజాలు కడతాడు, ఏషియన్ టౌన్ అవతల కూలీల క్యాంపులో ఉంటాడు. వదినామరదళ్ళకు మొదట్నుంచీ పొత్తు కుదరలేదు. గంగాబాయి నోరు పెద్దది, మాలతి పట్టుదల పెద్దది. అయినా ఈసారి తప్పు తమ్ముడిదేనని గంగాబాయి ఎవరడిగినా చెప్పేది.

ఊరివాడొకడు క్యాంపులో ఒక మాట అన్నాడు: మీ మాలతి ఎవరి బండి వెనకో కూచుని పోతుంటే మావాళ్ళు చూశారట. నర్సింగ్ ముందూ వెనకా చూడలేదు. వెంటనే ఫోను చేసి అనరాని మాట అన్నాడు. మాలతి చేతులు తంబాకులో ఉన్నాయి కనుక ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. బీడీల కార్ఖానాలో ఉన్న ఆడవాళ్ళందరూ విన్నారు. పిల్లకు జ్వరం ముదిరితే పక్కింటాయన బండి మీద దవాఖానాకు తీసుకుపోయాడని ఆ రాత్రికి గానీ నర్సింగ్‌కు తెలియలేదు. తెల్లారేసరికి మాలతి పిల్లను తీసుకుని తల్లిగారింటికి పోయింది.

కులపెద్ద లస్మయ్య మధ్యలో పడి అడిగితే ఆమె ఒక్కటే చెప్పింది. "పది మంది ముందట అన్నడు. పది మంది ముందట, నా ఎదురుంగ కూసోని, కండ్లు దించి తప్పయిందనాలె. ఫోన్ల తిట్టినోడు ఫోన్లనే తప్పయిందంటె నేనొప్ప. మనిషి రావాలె."

వచ్చే శుక్రవారం పంచాయితీ పెట్టారు. అందుకే ఈ బ్యాగు.

నర్సింగ్ ఫోను మోగింది. మెసేజ్ చూసుకున్నాడు. చదివిందే మళ్ళీ చదివాడు.

"ఏమైందిరా?"

"లీవు మాఫీ, లేనే లేదంటున్నరక్కా. ఇంట్ల ఎవరన్న సస్తేనే అర్జెంటు లీవట. కడమ పనులకు క్యాంపుల కొత్తగ ఫ్యామిలీ రూమ్ పెట్టిన్రట, అండ్ల మాట్లాడుకోమంటున్నరు."

"సచ్చినంక పంపుతరా? బతికున్నోళ్ళ కొరకు పంపరా?" గంగాబాయి చేతిలో చీర అట్లాగే ఉంది. "మనిషి సచ్చేదాక ఆగి, అప్పుడు పో నాయినా అంటరా? ఏం కంపెనీరా అది! లీవు లేకుంటె ఏమైతది? పో!"

"పోతే నౌకరి పోతదక్కా."

కాఫీ కోసం వంటింట్లోకి వచ్చిన ఆదిత్య ఆ మాటలు విన్నాడు. ఆ ఫ్లాటు అతనిది. భార్య ధాత్రి, అతనూ రాజమండ్రి వాళ్ళు. గంగాబాయి నాలుగేళ్ళుగా వాళ్ళింట్లో వంట చేస్తోంది. విషయం తెలియగానే అతని మొహం వెలిగింది.

"మీ క్యాంపులో పెట్టింది మా స్క్రీనేనండీ! నేనే అమ్మాను. నర్సింగ్, నువ్వసలు ఊరెళ్ళక్కర్లేదయ్యా. ఊరే నీ ఎదురుగా వచ్చి కూచుంటుంది."

గంగాబాయికి ఆ స్క్రీను తెలుసు. దాని పిల్లది ఒకటి హాల్లో నెల రోజులుంది. కళ్ళద్దాలు అక్కర్లేని త్రీడీ అని ఆదిత్య చుట్టాలందరికీ చూపించేవాడు. తెర మీద సన్నటి గాట్లు ఉంటాయట, కుడికంటికి ఒక బొమ్మ, ఎడమకంటికి ఒక బొమ్మ పంపుతాయట, పైన కెమెరా మన కళ్ళెక్కడున్నాయో వెతికి పట్టుకుంటుందట. సోఫా మధ్యలో కూచున్నవాళ్ళకు రామచిలక తెరలోంచి బయటికొచ్చి చేతి మీద వాలినట్టే ఉండేది. ధాత్రి మొదటిరోజు కెవ్వుమంది కూడా. వంటింటి గుమ్మంలోంచి చూసిన గంగాబాయికి మాత్రం ఆ చిలకకు రెండు ముక్కులు కనబడ్డాయి.

"ఎదురుగా కూచోవాలి గంగాబాయి గారూ. పక్కనుంచి చూస్తే ఎలా?" అన్నాడు ఆదిత్య అప్పుడు.

"ఒక్కరికే కనబడేదుంటె ఇంట్ల నలుగురుంటరు గద సారూ. కడమోళ్ళు ఏం జెయ్యాలె?"

"వంతులవారీగా చూస్తారు," అంది ధాత్రి, నవ్వు ఆపుకుంటూ. "కుళాయి దగ్గర బిందెల్లా."

ఆదిత్యకు ఆ నవ్వు నచ్చలేదు. అతను ఆ స్క్రీను గురించి మాట్లాడేటప్పుడు గుడిలో ఉన్నట్టు ఉండేవాడు. ఈరోజూ అట్లాగే ఉన్నాడు. "మనిషి లోతుతో సహా వస్తాడండీ. ముక్కు ముందుకి, చెవులు వెనక్కి. ఉన్నది ఉన్నట్టు. జగిత్యాలలో మా ఏజెన్సీ తీసుకున్న ఫోటో స్టూడియో ఉంది. మీ పెద్దవాళ్ళని అక్కడికి రమ్మనండి చాలు."

అతనే లస్మయ్యకు ఫోను చేశాడు. నర్సింగ్ మీద జాలి కొంత. కొత్త గది ప్రకటనకు మొదటి కలయికను వీడియో తీయించుకోవచ్చన్న ఆశ కొంత. గంగాబాయి పక్కనే నిలబడి వింది.

"పెద్దాయన గారూ, ముట్టుకోవడం ఒక్కటే ఉండదు. మిగతాదంతా మనిషి వచ్చి కూచున్నట్టే. ఇందులో అబద్ధం చెప్పడం ఎవరివల్లా కాదు, మొహంలో ప్రతిదీ కనబడిపోతుంది. మీ కళ్ళతో మీరే చూస్తారుగా."

లస్మయ్య ఆ మాట మాలతికి చేరవేశాడు. ఆమె చివరికి, "కనబడేది నిజమే అయితే సరే," అందట.

గంగాబాయి బ్యాగులోంచి ఒక్కొక్కటీ బయటికి తీసింది. నర్సింగ్ చూడలేక లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆదిత్య కారులోనే గంగాబాయి క్యాంపుకు పోయింది. గదికి లేత ఆకుపచ్చ రంగు వేశారు. సోఫా, ప్లాస్టిక్ పూలు, ఎదురుగా నిలువెత్తు స్క్రీను. కెమెరావాడొకడు మూలన కాచుకుని ఉన్నాడు. క్యాంపు బాస్ బుర్హానుద్దీన్ తలుపు దగ్గర మామూలు టీవీ ఒకటి పెట్టుకుని కూచున్నాడు. ఇక్కడినుంచి అవతలికి పోయే బొమ్మ అందులో కనబడుతుంది.

"యల్లా నర్సింగ్, జల్దీ," అన్నాడు. "దస్ బజే దూసరా బుకింగ్ హై." పదింటికి ఈ గది ఇంకొకరిది.

ఆదిత్య నర్సింగ్‌ను సోఫా మధ్యలో, నేల మీద అంటించిన పసుపు గుర్తుకు సరిగ్గా ఎదురుగా కూచోబెట్టాడు. "తల పైకే ఉండాలి. వంచావంటే కెమెరాకి నీ కళ్ళు దొరకవు, బొమ్మ చీలిపోతుంది. లేవకు, పక్కకి జరగకు. గంగాబాయి గారూ, మీరు తలుపు దగ్గరే ఉండండి. రెండు మొహాలు కనబడితే ఎవరి కళ్ళు పట్టుకోవాలో మిషన్‌కి తెలీదు."

"కాళ్ళ మీద పడుదామనుకున్న సార్," అన్నాడు నర్సింగ్.

"వద్దు వద్దు. ఫ్రేములోంచి పోతావ్."

తెర వెలిగింది. స్టూడియోలో పెళ్ళి ఫోటోలకు పెట్టుకున్న గులాబీల పరదా ముందు పెద్దమనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నారు. అవతల కూడా నడుమ కుర్చీలో కూచున్నవాళ్ళకే బొమ్మ సరిగ్గా కనబడేది.

"నర్సింగ్‌గానికి రెండు ముక్కులున్నయేందిరా?"

"నీకు తాగకముందే రెండు కనబడ్తయ్, తాగితె నాలుగు. జరుగు."

"అరే ఆపుర్రి! ఇది మాలతి ముచ్చట. ఆమెను కూసోనియ్యుర్రి," అన్నాడు లస్మయ్య.

మాలతి వచ్చి నడుమ కుర్చీలో కూచుంది. తలుపు దగ్గరనుంచి గంగాబాయికి మరదలు రెండుగా చీలి కనబడుతోంది. కానీ మాలతి ఊపిరి ఆగడం మాత్రం వినబడింది. నర్సింగ్ గొంతులోంచి కూడా ఏదో శబ్దం వచ్చింది.

"నన్నే సూస్తున్నదక్కా," అన్నాడు మెల్లగా. రెండేళ్ళ తరవాత భార్య తన కళ్ళలోకి చూస్తోంది. ఆ ఒక్క క్షణం గంగాబాయికి ఆదిత్య మీద గౌరవం కలిగింది. మూలన కెమెరావాడు బొటనవేలు ఎత్తి చూపాడు.

"మాట్లాడు నర్సింగ్," అన్నాడు లస్మయ్య.

నర్సింగ్ రెండు చేతులూ జోడించాడు. తల వంచకూడదు కనుక మెడ నిటారుగా పెట్టి, కళ్ళు మాత్రం నేలకు దించాడు. "మాలతీ, తప్పయింది. అనరాని మాటన్న. పది మంది ముందట నిన్ను..." కళ్ళలోంచి నీళ్ళు జోడించిన చేతుల మీద పడుతున్నాయి.

గంగాబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుని ఎందుకో బుర్హానుద్దీన్ టీవీ వైపు చూసింది. అందులో నర్సింగ్ చేతులు జోడించే ఉన్నాడు. కానీ కళ్ళు నిటారుగా, రెప్ప కూడా కదలకుండా ఎదుటి మనిషిని గుచ్చిగుచ్చి చూస్తున్నాయి. ఆమె సోఫా వైపు చూసింది. తమ్ముడి కళ్ళు నేల మీద. టీవీ వైపు చూసింది. తమ్ముడి కళ్ళు మాలతి మీద. పాత బొమ్మేదో నిలిచిపోయి ఉంటుందనుకుంది.

అవతల గుసగుసలు మొదలయ్యాయి. "నోటితోని తప్పయిందంటున్నడు గని ఆ కండ్లు సూడుర్రి." "గుడ్లురుముతున్నడు పిల్లను."

"నర్సింగ్, కండ్లు దించి చెప్పు బిడ్డా," అన్నాడు లస్మయ్య.

"దించిన్నే కాకా."

"ఏడ దించినవ్‌రా?"

నర్సింగ్ ఇంకా కిందికి చూశాడు. తల కొద్దిగా వంగింది. తెర చెదిరింది. "తల! తల ఎత్తు!" అని ఆదిత్య కెమెరా వెనకనుంచి చేతులు ఊపాడు. నర్సింగ్ తల ఎత్తాడు, కళ్ళు ఎత్తలేదు. టీవీలో ఆ కళ్ళు మళ్ళీ లేచి నిలబడ్డాయి.

"ఇగ సూడుర్రి, దించుమంటె మొకం ఎత్తుతున్నడు! ఏం పొగరురా నీకు!"

గంగాబాయికి అర్థమైపోయింది. ఎట్లా జరుగుతోందో తెలియదు గానీ ఏం జరుగుతోందో తెలిసింది. ఆపుకోలేకపోయింది. ఒక్క ఉరుకున వచ్చి సోఫా ముందు పడింది.

"అబద్ధం! ఆడు దించిండు! ఏడుస్తున్నడు! నేను నా కండ్లతోని సూస్తున్న, ఆ డబ్బ అబద్ధం చెప్తున్నది!"

మిషను ఆమె మొహాన్ని పట్టుకుంది. అవతలివాళ్ళకు నర్సింగ్ ఏ మూలకో జరిగిపోయి, అరుస్తున్న ఆడబిడ్డ మొహం లోతుతో సహా మీదికొచ్చి పడింది.

మాలతి కుర్చీలోంచి లేచింది. గొంతు పెంచలేదు. "సూసిన్రా కాకా? తప్పయిందని అక్క చెప్పిపిస్తున్నది, ఆయన గుడ్లురుముకుంట అంటున్నడు. ఈడున్నప్పుడు గిదే, ఆడున్నా గిదే. మొగని మాట ఆడబిడ్డ మాట్లాడ్తది. నేను పోతున్న."

"మాలతీ! మాలతీ, నీ కాళ్ళు మొక్కుత!" అని నర్సింగ్ సోఫా దిగి తెర ముందు పడ్డాడు. గుర్తు దాటిపోయాడు. తెరలో కుర్చీలు, మనుషులు, గులాబీలు అన్నీ ఒకదానిలోంచి ఒకటి జారిపోయాయి.

"ఖలాస్," అన్నాడు బుర్హానుద్దీన్, తల అడ్డంగా ఊపుతూ.

మధ్యాహ్నం అల్ సద్‌లో ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. గంగాబాయి హాల్లో ఆదిత్యకు ఎదురుగా నిలబడింది. నాలుగేళ్ళలో ఆమె అట్లా నిలబడడం అదే మొదలు. నర్సింగ్ గోడకానుకుని నేల మీద కూచున్నాడు.

"చెప్పు సారూ. మావోడు దించిన కండ్లు ఎవరు లేపిన్రు?"

ఆదిత్య నీళ్ళు నమిలాడు. "అదీ... కెమెరా స్క్రీనుకి పైన ఉంటుంది కదండీ. ఎదుటి మనిషి బొమ్మని చూస్తే కెమెరాకి కిందికి చూస్తున్నట్టే వస్తుంది. అలా ఉంటే ఎవరూ కొనరు. కళ్ళలో కళ్ళు పెట్టి మాట్లాడినట్టు ఉండాలని సాఫ్ట్‌వేర్ కళ్ళని సరిచేస్తుంది. అందరికీ నచ్చే ఫీచరే అది."

"సరిజేస్తదా? ఏం వంకరున్నదని సరిజేసింది?"

"గంగాబాయి గారూ, కోపం..."

"కోపం కాదు సారూ, కడుపు మండుతున్నది. తప్పు జేసినోడు కండ్లు దించుతడు. ఆనికి మిగిలింది గదొక్కటే. చేతులు జోడిస్తడు, తలకాయ వంచుతడు, కాళ్ళ మీద పడ్తడు. తలకాయ వంచొద్దన్నవ్, కాళ్ళ మీద పడొద్దన్నవ్. ఒక్క కండ్లు దించుకున్నడు, అవి గూడ నువ్వు లేపినవ్. ఉన్నది ఉన్నట్టు సూపెడ్తదని ఎవని నోటితోని చెప్పినవ్?"

"ఆ సంగతి నీకు ముందే తెలుసా?" అంది ధాత్రి.

"తెలుసు. కానీ ఇలా... ఇలాంటి సందర్భం ఎవరు ఊహిస్తారు ధాత్రీ? ప్రపంచంలో అందరూ కళ్ళలోకి చూడమనే అడుగుతారు."

"మేము అడగలె," అంది గంగాబాయి. "ఫోన్ చెయ్యి. లస్మయ్య కాకకు చెయ్యి. మిషను లేపిందని నీ నోటితోనే చెప్పు."

"ప్రకటన లాంచ్ అయ్యాక నేనే స్వయంగా..."

"ఇప్పుడే."

ధాత్రి ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆదిత్య లస్మయ్యకు చెప్పాడు. కెమెరా పైన ఉండడం, సాఫ్ట్‌వేర్, కంటిచూపు సవరణ, అన్నీ చెమటలు కక్కుతూ చెప్పాడు. స్పీకర్లో లస్మయ్య గొంతు వినబడింది.

"సారూ, మొన్న మీరే గద చెప్పిన్రు. ఇండ్ల అబద్ధం నడవదు, మీ కండ్లతోని మీరే సూస్తరని. సూసినం. పది మందిమి సూసినం. ఇప్పుడు గల్ఫ్ కెల్లి ఫోన్ల, మీరు సూసింది నిజం కాదంటున్నరు. ఆరోజు మాట నమ్మాల్నా, ఈరోజు మాట నమ్మాల్నా? ఆ గంగాబాయే మీతోని చెప్పిపిస్తున్నదని ఆ పిల్ల అంటది. నేనేం జవాబియ్యాలె?"

ఫోను పెట్టేశాడు. ఆదిత్య దాన్ని చేతిలో తిప్పుతూ కూచున్నాడు.

నర్సింగ్ తల ఎత్తాడు. "సార్. అటు దిక్కు గూడ గట్లనే జేస్తదా?"

"ఏది?"

"మాలతి కుర్సీల కూసోంగనే నా కండ్లల్లకే సూసింది. ఆ సూపు మాలతిదేనా, మిషనుదా?"

ఆదిత్య ఫోను బల్ల మీద బోర్లించాడు. నర్సింగ్ ఇంకొకసారి అడగలేదు. లేచి, చెప్పులు తొడుక్కుని, బస్సు కోసం బయటికి పోయాడు.

గంగాబాయికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంటే. పక్కవాళ్ళకు రెండు ముక్కులు చూపించే పెట్టెకు ఊరి పంచాయితీ అప్పజెప్పారు. మనిషిని పంపడం బరువైన కంపెనీకి ఆ పెట్టె దొరికింది. పెట్టె అమ్ముకునేవాడికి ఏడ్చే మొగుడూ పెళ్ళాం దొరికారు. అందరికీ కావలసింది దొరికింది, వీళ్ళిద్దరికి తప్ప.

పది రోజుల తరవాత హాల్లో ఆదిత్య లాప్‌టాప్ మీద ప్రకటన వీడియో చూస్తున్నాడు. మాలతి కుర్చీలో కూచోవడం, ఊపిరి బిగబట్టడం, నర్సింగ్ పెదవులు వణకడం. అక్కడికి ఆపేసి సంగీతం పెట్టారు. దూరం ఇక లేదు అని అక్షరాలు వచ్చాయి. టీ ఇవ్వడానికి వచ్చిన గంగాబాయి కప్పు దించకుండా నిలబడిపోయింది.

"ఆ పిల్లను అడిగిన్రా, మొకం వెడ్తమని?"

"వాళ్ళకి ముందే చెప్పాంగా, వీడియో తీస్తామని..."

"తీసెయ్యి."

"కంపెనీ వాళ్ళకి పంపేశారండీ. చూస్తాను."

"చూడటం కాదు ఆదిత్యా, తీయించు," అంది ధాత్రి లోపల్నుంచి. "లేదంటే రేపట్నుంచి మన పెళ్ళి వీడియో వేసి అమ్ముకో."

అతను తీయించాడో లేదో గంగాబాయి ఎప్పుడూ చూడలేదు. ఆ నెలాఖరుకు ఆ ఇల్లు మానేసి, వీధి చివర కేరళవాళ్ళింట్లో పనికి కుదిరింది.

నర్సింగ్ లీవు కోసం మళ్ళీ అడిగాడు. కాదన్నారు. మూడోసారి అడగలేదు, రాజీనామా రాసిచ్చాడు. కాగితాలు తేలి విమానం ఎక్కేసరికి వేసవి ముగిసింది. అప్పటికి మాలతి పిల్లను తీసుకుని బొంబాయి దగ్గర భివండిలో ఉన్న అన్న దగ్గరికి పోయింది. నర్సింగ్ ఇంటి తాళం కూడా తీయకుండా అటునుంచి అటే భివండి పోయాడు. ఆ సంగతి గంగాబాయికి రైల్వేస్టేషన్ నుంచి ఫోను చేసి చెప్పాడు.

"తలుపు తీసిందక్కా. మంచినీళ్ళిచ్చింది. కాళ్ళ మీద పడ్డ. లే, పిల్ల సూస్తున్నది అన్నది."

"ఇంకేమన్నది?"

"నువ్వు దించింది నిజమే కావచ్చు అన్నది. మిషను సంగతి అన్నకు గూడ ఎవరో చెప్పిన్రట. నమ్ముతున్న అన్నది. గని కండ్లు మూస్తె నాకు ఆ సూపే యాదికొస్తది, నేనేం జెయ్యాలె అన్నది."

గంగాబాయి ఏదో అనబోయింది. అవతల రైలు కూత వినబడి ఫోను తెగిపోయింది.

మాలతి రెండు వేల ఇరవై అయిదు జూన్‌లో భివండి పోయింది. నర్సింగ్ ఇంటికి ఆమె మళ్ళీ రాలేదు.